చెలియలికట్ట దాటినది ఎవరు?

గోదావరి ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలి, మహర్షుల నామధేయాలను ధరించి సాగరాన్ని చేరుతుంది. వాటిలో వసిష్ఠ పాయ సముద్రునితో సంగమించే చోట వెలసిన క్షేత్రం అంతర్వేది. బ్రహ్మదేవుడు యజ్ఞవేదికను ఏర్పరచిన స్థలమని, వసిష్ఠ మహర్షి తపోభూమి అని, శ్రీ లక్ష్మీనృసింహస్వామి రక్తవిలోచనుడనే అసురుణ్ణి సంహరించిన చోటని స్థలపురాణం చెబుతుంది. మాఘ శుద్ధ దశమి రాత్రి స్వామివారి కల్యాణం, మరునాడు భీష్మైకాదశికి రథోత్సవం, పూర్ణిమ నాడు సముద్రస్నానం ఇక్కడి సంప్రదాయం.

ఇటీవలి ఒక మాఘ పూర్ణిమ నాటి ఉదయం, వరంగల్లు ప్రాంతం నుండి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఆ తీరానికి వచ్చాడు. డెబ్బది ఏళ్ళు దాటిన వయస్సు. చేతిలో చిన్న ప్లాస్టిక్ కవరు, అందులో ఎండిన చేమంతులు, మందారాలు. అవి ఆయన ధర్మపత్ని తన చివరి పూజలో దేవునికి సమర్పించిన పూలు. ఒక్కసారైనా అంతర్వేదిలో మాఘస్నానం చేయాలని ఆమె చాలా ఏళ్ళు అనుకున్నది. సంసారభారం వల్ల ఆ యాత్ర వాయిదా పడుతూ వచ్చింది. చివరకు ఆమె లేకుండానే ఆయన రావలసి వచ్చింది.

సూర్యోదయానికి ముందే స్నానం ముగించుకొని, తడిబట్టలతో కూర్చుని జపం చేసుకోవడానికి ఆయన చోటు వెదికాడు. ఎటు చూసినా జనమే. రాత్రంతా బస్సులు, ఆటోలు, సొంత వాహనాలు దింపిన వేలాది భక్తులతో తీరం నిండిపోయింది. జనం పలచబడిన చోట నేల కనబడలేదు. ఎంగిలి పళ్ళాలు, నీళ్ళ సీసాలు, షాంపూ పొట్లాలు, విడిచిన బట్టలు, పసుపు కుంకుమలు అంటిన కవర్లు, ఆరిపోయిన దీపాలతో థర్మోకోలు దొప్పలు ఇసుకను కప్పివేశాయి. కొద్ది దూరంలో ఒక మత్స్యకార స్త్రీ గోనెసంచిలో సీసాలను ఏరి వేస్తున్నది.

“అమ్మా, కూర్చుని జపం చేసుకోవడానికి ఇక్కడ శుభ్రమైన చోటేదైనా ఉందా?” అని ఆయన అడిగాడు.

“నిన్నటిదాకా ఇదంతా శుభ్రంగానే ఉందండి బాబుగారూ” అన్నదామె.

ఆ మాటలో కోపం లేదు, వెటకారమూ లేదు. ఉన్న సంగతి చెప్పింది. క్రితం ఏడాది ఉత్సవం ముగిసిన మరునాడు ఆమె మనుమడి పాదంలో సీసాపెంకు దిగి, ఆ పిల్లవాడు నెల రోజులు కుంటుతూ నడిచాడట. అందుకే ఈసారి తన ఇంటి నుండి నీటి వరకు ఉన్న దారినైనా ముందుగా ఏరి పెట్టుకుంటున్నది. “మీరంతా ఏడాదికోసారి వస్తారండి. మాకిది రోజూ వాకిలే కదండీ!” అని మళ్ళీ పనిలో పడింది.

‘వాకిలి’ అన్న ఆ మాట వద్ద సాధకుడు నిలిచి ఆలోచించవలసి ఉంది.

అతిథిని దైవంగా భావించమని ఉపనిషత్తు గృహస్థుకు ఉపదేశించింది. ఆ ఉపదేశం తెలియని ఆస్తికుడు లేడు. నిరాశతో వెనుదిరిగిన అతిథి తన పాపాన్ని ఆ ఇంట విడిచి, గృహస్థు పుణ్యాన్ని తీసుకొనిపోతాడని కూడ పెద్దలు హెచ్చరించారు. ఇవన్నీ ఇంటివానికి చెప్పిన ధర్మాలు. వచ్చినవాని ధర్మం మాటేమిటి? తీర్థయాత్రికుడు ప్రతి క్షేత్రంలోనూ అతిథియే. ఆ ఊరివారు దారి విడిచారు, నీడ ఇచ్చారు, తమ బావినీళ్ళు పంచుకున్నారు. నిరాశపడకుండా, సకల సత్కారాలూ పొంది, అయినా తన మాలిన్యాన్ని ఆ వాకిట విడిచి పుణ్యాన్ని మూటగట్టుకొని వెళ్ళే అతిథి గురించి ఏమనుకోవాలి? ఇతర స్థలాలలో చేసిన పాపం పుణ్యక్షేత్రంలో నశిస్తుందనీ, పుణ్యక్షేత్రంలోనే చేసిన పాపం వజ్రలేపమై నిలుస్తుందనీ చెప్పిన పెద్దలు ఈ ప్రశ్నకు సమాధానం ఎప్పుడో ఇచ్చి ఉన్నారు.

మన సంప్రదాయం సముద్రుణ్ణి ఎలా సమీపించమన్నదో ఒకసారి స్మరించుకోవాలి. అశ్వత్థవృక్షాన్నీ సముద్రాన్నీ ఎల్లప్పుడూ సేవించవచ్చును గాని ఎప్పుడు పడితే అప్పుడు తాకరాదనీ, అశ్వత్థాన్ని శనివారం నాడు, సముద్రాన్ని పర్వదినాలలో మాత్రమే స్పృశించాలనీ నియమం ఉంది. సేతుతీర్థానికి మాత్రం ఈ కాలనియమం లేదంటారు. ఈ విధిలోని అంతరార్థం ఏదైనప్పటికీ దాని ఫలితం స్పష్టం. మిగిలిన దినాలలో తీరానికి విశ్రాంతి లభించేది. గోదావరీ మండలంలో సప్తసాగరయాత్ర అనే ఆచారం కూడ ఉన్నది. చొల్లంగి అమావాస్య నాడు మొదటి సంగమంలో స్నానమాడి, ఏడు పాయల సాగరసంగమాలను వరుసగా సేవిస్తూ, భీష్మైకాదశి నాటికి అంతర్వేది చేరడం ఆ యాత్రాక్రమం. భక్తులు దినానికొక తీరాన, ఊరికొక రాత్రి గడుపుతూ సాగిపోయేవారు. ఏ ఊరికీ భారం కాకుండా భక్తి ఏడు తీరాలకు పంచబడేది. నేడు ఏడింటి ఫలాన్నీ ఒకే చోట, ఒకే ఉదయాన, నాలుగు గంటలలో పొందాలన్న తొందర పెరిగింది. పర్వదినానికి వారాంతపు సెలవు కలిసిందంటే చెప్పనవసరం లేదు.

శ్రీరామచంద్రుడు కూడ లంకకు పోవలసి వచ్చినప్పుడు ముందుగా సముద్రుణ్ణి అర్థించాడు. దర్భలపై శయనించి మూడు రాత్రులు నిరీక్షించాడు. పిదప ధనుస్సు ఎత్తిన మాట వాస్తవమే. కాని మొదటి అడుగు అర్థన. బ్రహ్మాండాన్ని శాసించగలవాడు సైతం పరుల తీరానికి వచ్చినప్పుడు అనుమతి కోరాడు. రుసుము చెల్లించి వాహనం నిలిపినంత మాత్రాన తీరం తనదైనదని తలచే యాత్రికునికి ఈ ఘట్టం ఒక పాఠం.

సూర్యనమస్కారాలతో అరుణపారాయణ చేయించుకునే కుటుంబాలు తెలుగునాట అనేకం. తైత్తిరీయ ఆరణ్యకంలోని ఆ అరుణప్రశ్నలోనే వ్రతనియమాలు చెప్పబడ్డాయి. నీటిలో మలమూత్రవిసర్జన కూడదు, ఉమ్మివేయరాదు, వివస్త్రుడై స్నానం చేయరాదు, తాబేటిని భక్షించరాదు. ఆ నియమాలను పాటించినవానిని జలాలు హింసించవని కూడ అక్కడే ఉంది. స్వరం తప్పకుండా చదివించడానికి ఎంత శ్రద్ధ వహిస్తామో, చదివిన దానిని నీటి ఒడ్డున నిలుపుకోవడానికి అంత శ్రద్ధ అవసరం లేదా?

తాబేటి ప్రస్తావన ఇక్కడ యాదృచ్ఛికం కాదు. డిసెంబరు మొదలు ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లీ జాతి సముద్ర తాబేళ్ళు ఆంధ్రతీరపు ఇసుకలో రాత్రివేళ గోతులు త్రవ్వి, ఒక్కొక్కటి సుమారు నూరు గ్రుడ్లు పెడతాయి. 45 నుండి 60 దినాలలో పిల్లలు బయటపడి, వెలుగు కనిపించే దిక్కున సముద్రం ఉన్నదని నమ్మి ప్రాకుతాయి. తీరంలో దీపాలు ప్రజ్వలిస్తే అవి దారి తప్పుతాయి. నీటిలో తేలే పాలిథీన్ కవర్లను ఆహారమని భ్రమించి పెద్ద తాబేళ్ళు మ్రింగుతాయి. ఆ ప్రాణులకు పెద్ద ముప్పు మరపడవల వలలే అయినప్పటికీ, యాత్రికుని వంతు కూడ అందులో ఉన్నది. శ్రీహరి కూర్మరూపాన్ని ధరించాడని కీర్తించే జిహ్వ, ఆ రూపానికి గ్రాసంగా కవరును విడిచే హస్తం ఒకే దేహానివి.

“సముద్రుడు సమస్తాన్నీ పవిత్రం చేస్తాడు, ఈ కొద్దిపాటి చెత్త ఆయనకొక లెక్కా?” అనేవారు ఉన్నారు. దీనికి సమాధానం సముద్రుడే ప్రతి పోటుకూ ఇస్తున్నాడు. తనలో వేసిన బట్టను, సీసాను, కవరును తిరిగి తీరానికే చేర్చుతున్నాడు. చేరనిది లోపల చేసే పని మరింత భయంకరం. ఎండకూ అలలకూ ప్లాస్టిక్ ముక్కలౌతుంది గాని నశించదు. కంటికి కనబడనంత చిన్నదై నీటిలో నిలుస్తుంది. చేపలలోనే గాక సముద్రపు ఉప్పులో కూడ దాని ఆనవాళ్ళు కనిపించాయి. ఆ ఉప్పే వంటింటికి వస్తుంది, నైవేద్యంలో కలుస్తుంది. మనం విడిచినది మన దేవుని ఎదుటకే తిరిగి చేరుతున్నది.

ఇక్కడ అంతర్వేది స్థలపురాణం కొత్త అర్థంతో గోచరిస్తుంది. రక్తవిలోచనుడు శివుని మెప్పించి ఒక వరం పొందాడు. తన రక్తం నేలపై పడి ఎన్ని ఇసుక రేణువులను తడిపితే అందరు రాక్షసులు పుట్టాలన్నది ఆ వరం. నృసింహస్వామి చక్రాయుధంతో వానిని ఛేదించినకొద్దీ వాడు వేలకొలదిగా పెరిగాడు. స్వామి మాయాశక్తిని సృష్టించగా, ఆ తల్లి తన నాలుకను నేలపై పరచి, రక్తబిందువు ఇసుకను తాకకుండా నిలిపింది. అప్పుడే అసురసంహారం సాధ్యమైంది. అంటే, కొన్నింటిని ఇసుకపై పడిన తరువాత జయించలేము, పడకముందే ఆపాలి. ఒక్క కవరు వేయి తునకలై ఇసుకలో కలిసిన పిదప దానిని ఏరగల చక్రం ఎవరి చేతిలోనూ లేదు. చట్టం ఉన్నది. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్ళాలు, కప్పులు, అలంకరణ థర్మోకోలు వంటివి 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషిద్ధాలు. అయినా, ఇసుకపై పడకముందు ఆపగలిగినది యాత్రికుని చేయి ఒక్కటే.

యాత్రికులందరూ దుష్టులని తలచడం అధర్మం. పూర్వం విస్తరాకు, అరటిదొప్ప, మట్టిప్రమిద, నూలుదారం తీరాన విడిచేవారు. అవి కొద్ది కాలానికి మట్టిలో మట్టియై, నీటిలో నీరై పోయేవి. అప్పుడు విడిచిపెట్టడం దోషం కాలేదు. నేడు వస్తువు మారింది, చేతి అలవాటు మారలేదు. ఇది ద్వేషం వల్ల కలిగినది కాదు, వివేకలోపం వల్ల కలిగినది. వివేకలోపాన్ని వివేకమే తొలగించాలి. ఆ ఊరివారు కూడ ఎవరినీ రావద్దనడం లేదు. కొబ్బరికాయలు, పూలు అమ్మేవారికి, పంటు నడిపేవారికి ఈ ఉత్సవదినాలే జీవనాధారం. వారు కోరేది రాకపోవడం కాదు, వచ్చి వెళ్ళే తీరు.

ఆ తీరు మన కర్మకాండలోనే ఉన్నది. స్నానసంకల్పంలో తాను ఏ దేశంలో, ఏ నదీతీరంలో, ఏ తిథిలో నిలిచినాడో చెప్పకుండా ఎవడూ నీటిలో మునగడు. అంటే నిలిచిన చోటును గుర్తించడమే కర్మకు ఆరంభం. అలాగే ఆవాహన చేసిన ప్రతి పూజకూ ఉద్వాసన ఉంది. దైవాన్ని సాగనంపి, నిర్మాల్యాన్ని ఎవరి కాలూ పడని చోటికి చేర్చి, పీటను కడిగి యథాస్థానంలో పెట్టినప్పుడే పూజ పూర్తి. స్నానమైన వెంటనే బస్సెక్కే యాత్రికుడు ఉద్వాసన చెప్పకుండా పీట మీది నుండి లేచిపోయినవానితో సమానం.

ఆ ఉదయం ఉపాధ్యాయుడు పూలను సమర్పించడానికి మరల నీటివైపు కదిలాడు. గోనెసంచి స్త్రీ ఆయన చేతివైపు చూసింది.

“అందులో ఏముందండీ బాబుగారూ?”

“మా ఇంటామె పూజ చేసిన పూలమ్మా. ఆమె లేదిప్పుడు. సముద్రంలో కలపాలని తెచ్చిన.”

ఆమె క్షణకాలం మౌనంగా నిలిచి, తలపై కొంగు సరిచేసుకున్నది. “పూలు కలపండి. అమ్మగారికి చేరతాయండి. కవరు మాత్రం మీతోనే పట్టుకెళ్ళిపోండి.”

ఆయన తల వంచుకున్నాడు. చుట్టూ ఉన్న కల్మషాన్ని చూసి అంతసేపు బాధపడినవాడు, ముడి విప్పకుండానే ఆ కవరును అలలలోకి విసరబోతున్నాడు. తానూ ఆ జనంలో ఒకడినేనన్న జ్ఞానం ఆయనకు ఆనాటి జపం కంటె ముందుగా కలిగింది. మోకాలిలోతు నీటిలో నిలిచి, ముడి విప్పి, ఆ పూలను దోసిట పట్టి మెల్లగా విడిచాడు. అవి కొంతదూరం కలిసికట్టుగా తేలి, ఒక అల వెంట విడిపోయాయి. ఖాళీ కవరును మడిచి, పై కండువా కొంగున ముడివేసుకున్నాడు. తరువాత ఆమె ఏరి శుభ్రపరచిన దారి ప్రక్కన, ఆమె అనుమతితోనే, కూర్చుని జపం చేసుకున్నాడు.

సముద్రుడు ఎంత ఉప్పొంగినా తన చెలియలికట్టను దాటడని కవులు యుగాలుగా కీర్తించారు. ఆ గట్టుకు ఇవతలి పక్షాన మర్యాదను నిలపవలసినవాడు మానవుడు. తీర్థానికి పోయే ప్రతి భక్తుడూ తన సంచిలో ఒక ఖాళీ సంచిని కూడ పెట్టుకొని, తెచ్చిన దానిని తిరిగి తీసుకొనిపోతే, ఆ యాత్రకు ఉద్వాసన జరిగినట్లే. తరువాత వచ్చే అతిథికి కూర్చునే చోటు, ఆ ఊరి పిల్లవానికి నడిచే దారి మిగులుతాయి.

శ్రీ లక్ష్మీనృసింహార్పణమస్తు.