మైళ్ళ మూట

గద్వాల ప్రభువుల కోటలో ఇప్పుడు కాలేజీ ఉంది. వనపర్తివారి మహల్లో పాలిటెక్నిక్. రాజులు తిరిగిన చోట పాఠాలు చెప్పుకుంటున్నా, రాజభోగమంటే నాకు ప్రబంధాల్లో చదివిందే. అది కాస్తా మొన్న డల్లాస్‌లో ఉన్న తమ్ముణ్ణి చూడబోతూ, విమానంలో అనుభవానికి వచ్చింది!

అమ్మకు మోకాళ్ళ నొప్పులు. దోహా నుంచి పదహారు గంటలు కాళ్ళు ముడుచుకుని కూర్చోగలదా? బిజినెస్ క్లాసు టిక్కెట్టు కొనాలంటే నా నాలుగైదు నెలల జీతం పోయాలి.

తమ్ముడు ఆఫీసు పనిమీద ఊళ్ళు తిరిగే మనిషి. తిరిగినకొద్దీ విమాన కంపెనీ అతని ఖాతాలో మైళ్ళు జమకడుతుంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో చేపట్టిన ఈ పద్ధతి ఇప్పుడు లోకమంతా పాకింది. ఆ మైళ్ళతోనే మాకు టిక్కెట్లు తీశాడు. దోహాలో బస హోటలు పాయింట్ల మీద. మేము కట్టింది పన్నులూ, రుసుములే.

అయితే ఒక మాట. మైళ్ళు వడ్డీ పెరిగే డిపాజిట్టు కావు. కంపెనీ రేటు పెంచవచ్చు. గడువు దాటితే మురిగిపోనూవచ్చు. పాయింట్ల ఆశతో క్రెడిట్ కార్డు బాకీ పెంచుకుంటే, వడ్డీ ముందు ఆ లాభం ఏపాటి?

సీటు పడకగా పరుచుకోగానే అమ్మ కంగారుపడింది.

“ఇన్ని పైసలు యాడివిరా?”

“పైసలు కాదమ్మా, తమ్ముని మైళ్ళు.”

“అన్ని మైళ్ళు తిరిగిండా? మరి వాడు ఇంట్ల ఉన్నదెప్పుడురా?”

నా దగ్గర జవాబు లేదు.

తిరుగు ప్రయాణంనాడు తమ్ముడి తల నిమిరి అంది: “ఇంక కూడిన మైళ్ళతోని నువ్వే ఇంటికి రా, కొడుకా.”