మళ్ళీ నడక: మార్కాపురం నుండి దిగువమెట్ట దాకా

గుంటూరు-నంద్యాల రైలు మార్గంలో మార్కాపురం రోడ్డు స్టేషను దాటితే తర్లుపాడు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట వరుసగా వస్తాయి. ప్రయాణం సాగేకొద్దీ నల్లమల కొండలు దగ్గరవుతూ ఉంటాయి. ఈ దారిలో మూడు ఉదయాలు నడవాలన్న సంకల్పంతో మేము కుటుంబ సమేతంగా బయలుదేరాము. నిరుటి చలికాలంలో ఫజ్ర్ నమాజు అనంతరం క్రమంగా నడిచి తగ్గించుకున్న బరువు మా ఇంట్లో నలుగురికీ తిరిగి వచ్చింది. రమజానులో వేళలు మారాయి. ఆ తరువాత ఈ ప్రాంతపు ఎండలు, వాటి వెనుకనే నికాహ్‌లు, వలీమాలు. మధుమేహం ఉన్న ఇంట్లో ఇది దుస్తులు బిగుతు కావడంతో ముగిసే సంగతి కాదు.

మార్కాపురం పలకలకు పేరుగాంచింది. ఎందరో తెలుగు పిల్లలు ఇక్కడి రాతి పలకల మీదనే అక్షరాలు దిద్దారు. రాయిని పొరలుగా చీల్చి, మోసి, చెక్కిన కార్మికులకు వ్యాయామం అనే మాటతో పని లేదు. అయితే ఆ ధూళి వారి ఊపిరితిత్తులకు చేసే కీడును మరచి కాయకష్టాన్నే ఆరోగ్యమని పొగడడం న్యాయం కాదు. మన సంగతి ఇందుకు విరుద్ధం. మస్జిదు వీధి చివరనే ఉన్నా బండి తీస్తాము. మస్జిదు వైపు వేసే ప్రతి అడుగుకూ ఒక అంతస్తు పెరుగుతుందని, ఒక పాపం తొలగుతుందని హదీసు తెలుపుతుండగా, ఆ అడుగులను మనమే తగ్గించుకుంటున్నాము.

మళ్ళీ నడక మొదలుపెట్టే వారికి కాళ్ళ నొప్పి కంటే మొహమాటం పెద్ద అడ్డంకి. "మళ్ళీ ఒళ్ళు చేశావేం?" అని వలీమా విందులో నలుగురి ముందు అడిగే ఖాలాలు ప్రతి బంధువర్గంలోనూ ఉంటారు. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ మాట విన్న ఆడపిల్ల మరునాడు నడకకు రాదు, మరుసటి విందుకూ రాదు.

రెండవ ఉదయం కంభం చెరువు వద్దకు వెళ్ళాము. విజయనగర కాలంలో రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన ఈ చెరువుకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ గుర్తింపు లభించింది. కరువు సంవత్సరాలలో బీటలు వారే నేల, వాన కురిస్తే కనుచూపు మేర నీరు. ఆ గట్టు మీద కూర్చున్నప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఒక ఉదంతాన్ని పిల్లలకు చెప్పాము. ఒక ప్రయాణంలో ఆమె దైవప్రవక్త (స)తో పరుగు పందెం వేసి గెలిచారు. కొంతకాలానికి ఆమె ఒళ్ళు చేశారు. మళ్ళీ పందెం జరిగింది, ఈసారి ప్రవక్త (స) ముందు నిలిచారు. ఇది ఆనాటి దానికి బదులని అన్నారు. అబూ దావూద్ గ్రంథంలో ఉన్న ఈ హదీసులో మమ్మల్ని ఆకట్టుకున్నది గెలుపోటములు కాదు. ఒళ్ళు చేసిన సంగతిని ఆ విశ్వాసుల మాత స్వయంగా, ఏ సంకోచమూ లేకుండా చెప్పారు. అందులో ఎగతాళి లేదు, నింద లేదు. బరువు పెరిగినందున ఆమెను పందేనికి దూరం పెట్టనూ లేదు.

బరువు తిరిగి రావడం కేవలం మనోబలం లోపించడం వల్లనే కాదు. తగ్గిన దేహం మునుపటి కంటే తక్కువ శక్తిని ఖర్చు చేస్తుంది, ఆకలిని పెంచుతుంది. బరువు తగ్గిన ఏడాది తరువాత కూడా ఆకలికి సంబంధించిన హార్మోన్లు పూర్వస్థితికి రాలేదని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించారు. కనుక ఆగిన చోటు నుండి కాక, నేటి దేహం నుండి ఆరంభించాలి. నిరుడు ఐదు కిలోమీటర్లు నడిచిన వారు ఇప్పుడు రెండుతో మొదలుపెట్టడం ఓటమి కాదు. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట తెగేంత ఆయాసం వస్తే వేగం తగ్గించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమను సూచించింది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులకు అది పూర్తవుతుంది. కొద్దిపాటిదైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదని ప్రవక్త (స) బోధించారు.

ఈ ప్రాంతానికి మరొక జాగ్రత్త అవసరం. ఇక్కడి అనేక గ్రామాల భూగర్భ జలాలలో ఫ్లోరైడు అధికం. ఏళ్ళ తరబడి ఆ నీరు తాగిన వారికి కీళ్ళు, నడుము బిగుసుకుపోతాయి. అటువంటి వారిని "నడిస్తే అదే పోతుంది" అని బలవంతపెట్టడం తగదు. ముందు వైద్యునికి చూపించాలి. ఇన్సులిన్ గానీ, మధుమేహపు మాత్రలు గానీ వాడే వారు ఖాళీ కడుపుతో ఎంత దూరం నడవవచ్చో కూడా అడిగి తెలుసుకోవాలి.

గిద్దలూరులో బంధువుల ఇంట బస చేశాము. మగవారికి రోడ్డు ఉంది, మైదానం ఉంది. మరి స్త్రీలకు? ఆ ఇంటి ఆపా మిద్దె మీద తస్బీహ్ చదువుతూ రోజూ అరగంట నడుస్తారు. మిద్దె లేని ఇళ్ళ సంగతేమిటని మా అమ్మాయి అడిగింది. భర్తలు, అన్నదమ్ములు ఇషా తరువాత కబుర్లు చెప్పుకునే సమయంలో కొంత మిగిల్చి, ఇంటి స్త్రీలను వెంటబెట్టుకొని నడిస్తే ఆ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుందని మా అభిప్రాయం. రాత్రి భోజనంలో జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర వడ్డించారు. అతిథులకు బిర్యానీ పెట్టలేదని ఆపా నొచ్చుకుంటే, కడుపులో మూడవ భాగం ఊపిరికి విడవాలన్న హదీసును గుర్తుచేసి ఆమెను నవ్వించాము.

మూడవ ఉదయం దిగువమెట్ట. ఇక్కడి నుండి దారి నల్లమల అడవిలోకి, నంద్యాల వైపుకు సాగుతుంది. పిల్లలు ఎత్తు ఎక్కుదామన్నారు. అమ్మమ్మ మోకాళ్ళ దృష్ట్యా చదునైన దారి మీదనే ఇరవై నిమిషాలు నడిచి, ఒక చెట్టు నీడన ఆగి నీళ్ళు తాగాము. ఘాటు దారిని చలికాలానికి వాయిదా వేసి, గిద్దలూరు వైపు వెళ్ళే బస్సు కొరకు నిలబడ్డాము.