అమ్మీ గుర్తుపట్టని అబ్బా

మా అబ్బా జిందగీ మీద నేనొక నవలిక రాశాను. నూరు పేజీలు కూడా లేవు. అచ్చయ్యాక దోస్తులు శభాష్ అన్నారు. అమ్మీకి తెలుగు చదవడం రాదు. రంజాన్‌లో ఓ మధ్యాహ్నం పక్కన కూర్చుని, వాక్యం వాక్యం ఉర్దూలోకి మార్చి వినిపించాను. సగం విన్నాక తస్బీ ఆపి, "ఏ కౌన్ హై రే? తేరే అబ్బా తో నై" అంది.

అబ్బా గుడివాడలో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. బొగ్గుల మీద గిన్నె కాల్చి, నవాసారం చల్లి, తగరం తాకించి, కరుగుతుండగానే గుడ్డతో గిర్రున రుద్దితే లోపలంతా వెండిలా తేలేది. స్టీలు గిన్నెలొచ్చాక పని పోయింది. అంతే కథ. నాకది చాలలేదు. అందుకని 1977 నవంబర్ 19 ఉప్పెన తెచ్చిపెట్టాను. దివిసీమలో వేలమంది పోయారు, నేనింకా పుట్టలేదు. నవలికలో అబ్బా అక్కడికెళ్లి మజహబ్ చూడకుండా శవాలు మోస్తాడు. అసలైతే ఆ రోజుల్లో ఆయన గుడివాడలోనే ఇంటి పెంకులు సర్దుకుంటున్నాడట, అవనిగడ్డ మొహమే చూడలేదట. అక్కడ నిజంగా శవాలెత్తినవాళ్ల సవాబ్ తెచ్చి మా అబ్బా ఖాతాలో రాశానన్నమాట! పైగా ఆయన నోట్లో నా డిగ్రీ తెలుగు.

ఆ తర్వాతే ఫ్రెంచి రచయిత్రి అనీ ఎర్నో 'లా ప్లాస్' (1983) సంగతి తెలిసింది. ఆమెకు 2022లో నోబెల్ వచ్చింది. తండ్రి మీద ముందు నవలే మొదలుపెట్టి, మధ్యలో వెగటు పుట్టి ఆపేసిందట. తర్వాత ఆయన మాటలు, అలవాట్లు, నడిపిన కిరాణా కొట్టు, అన్నీ సాదాగా రాసింది. ఆమెకు మధ్యలోనే తెలిసింది. నాకు అచ్చయ్యాక, అమ్మీ చెబితే.

ఇంకేం తప్పులున్నాయని అడిగాను.

"ఖాసీ కహా హై?" అంది. దగ్గు. నవాసారం పొగకి రాత్రంతా దగ్గేవాడు, నిద్ర చెడకూడదని వాకిట్లోకెళ్లి దగ్గేవాడు. ఒక్క పేజీలోనూ లేదు. గిన్నె తిరిగిచ్చేముందు అంచు మీద వేలితో కొట్టి వినడం లేదు.

"తిత్తి ఊదే పిల్లాడేడీ?" అంది చివర్న.

ఆ పిల్లాణ్ణి నేనే. మా ఉర్దూ బడి పిల్లలు అటొస్తుంటే తిత్తి వదిలేసి సందులోకి పోయేవాణ్ణి. అబ్బా ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో తిత్తి పట్టుకుని పని చేసుకునేవాడు, పిలిచేవాడు కాదు. ఈ సంగతి అమ్మీకి తెలుసని నాకు ఆ రోజే తెలిసింది.