ఆగి ఆగి రాసేవాళ్ళ సిరా

స్త్రీలు మిగతా వృత్తులకంటే ముందుగా రచనలో నిలదొక్కుకోడానికి కాగితం చవగ్గా దొరకడం ఒక కారణమని వర్జీనియా ఉల్ఫ్ 1931లో ఒక ప్రసంగంలో అన్నది. రాసుకునే ఆడదానివల్ల ఇంటి ప్రశాంతతకి భంగం లేదు, ఇంటి డబ్బుకి చిల్లు లేదు, అందుకే రాసుకోనిచ్చారని ఆమె మాటల సారాంశం. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నా చూపు బీరువా పక్కనున్న ఇంక్‌జెట్ ప్రింటరు మీదికి పోతుంది. కాగితం ఇప్పటికీ చవకే. దానిమీద అక్షరం పడటమే ప్రియమైపోయింది.

వీధి చివర జిరాక్స్ షాపుండగా ఇంట్లో ప్రింటరెందుకని చాలామంది అడిగారు. ఆ షాపు రాత్రి తొమ్మిదింటికి మూసేస్తారు. నా పని మొదలయ్యేది పదింటి తర్వాత, గిన్నెలు సర్దేసి, పాప నిద్రపోయాక. పీహెచ్‌డీ రోజుల్లో నాతోటి మగ స్కాలర్లు యూనివర్సిటీ గేటు ముందు షాపులో రాత్రిపూట టీ తాగుతూ ప్రింట్లు తీయించుకునేవాళ్ళు. గైడ్‌కి చాప్టరు కాగితం మీదే కావాలి. ఎర్ర పెన్నుతో దిద్దకపోతే ఆయనకి చదివినట్టుండదు. నాకూ అంతే. నా పరిశోధనంతా 'గృహలక్ష్మి'లాంటి పాత పత్రికల్లో స్త్రీలు రాసిన కథల మీద. స్కాన్ చేసిన ఆ పేజీల్ని తెర మీద ఎంతసేపని చదువుతాం? పక్కన పెన్సిలుతో రాసుకుంటేనే ఆలోచన ముందుకి కదులుతుంది. డాక్టరేట్ వచ్చి, గెస్ట్ లెక్చరర్‌గా పాఠాలు చెప్పుకుంటూ, ఆ థీసిస్‌ని పుస్తకంగా తిరగరాస్తున్న ఈ రోజుల్లోనూ ఆ అవసరం తీరలేదు.

ప్రింటరు మూడు వేలలోపే వచ్చింది. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు అని సామెత చెబుతాం. ఇక్కడ ఏనుగే చవక, అంకుశం ప్రియం. నల్ల కార్ట్రిడ్జి 800, రంగులది 1,000. ఇంచుమించు రెండుసార్లు సిరా మార్చేసరికి ప్రింటరు ఖరీదు దాటిపోతుంది. కంపెనీలు మిషన్‌ని తక్కువకిచ్చి, రాబడి సిరాలో చూసుకుంటాయన్నది వ్యాపారంలో అందరికీ తెలిసిన సూత్రమే. నన్ను ఆలోచింపజేసింది ఆ సూత్రం కాదు, కార్ట్రిడ్జి పెట్టె మీద అచ్చువేసిన అంకె.

120 పేజీలని ఉంది దానిమీద. అంటే పేజీకి దాదాపు ఆరు రూపాయల డెబ్భై పైసలు. షాపులో రెండు మూడు రూపాయలకి అయ్యే పని. పోనీ, ఆ 120 అయినా వస్తాయా అంటే, నాకు ఎప్పుడూ 80 దాటలేదు. ఆ అంకె అబద్ధం కాదు. దానికి అంతర్జాతీయ ప్రమాణమొకటి ఉంది. నిర్ణయించిన కొన్ని నమూనా పేజీల్ని ఆగకుండా, ఒకదాని తర్వాత ఒకటి, సిరా అయిపోయేదాకా ముద్రించి లెక్కేస్తారు. ఆగకుండా అన్నమాట దగ్గరే నేను ఆగిపోయాను.

నా జీవితంలో ఆగకుండా జరిగే పని ఏదీ లేదు. మూడు పేజీలు తీసేలోపు కుక్కర్ కూత. మళ్ళీ నాలుగు రోజులకి అయిదు పేజీలు. పరీక్ష పేపర్లు దిద్దే నెలలో అసలు ప్రింటరు ముట్టుకోను. ఇంక్‌జెట్ ప్రింటరులో సిరా చిమ్మే రంధ్రాలు వెంట్రుకకంటే సన్నగా ఉంటాయి. వాడకపోతే వాటిల్లో సిరా ఎండిపోతుంది. అలా పూడుకుపోకుండా మిషన్ తనని తాను కడుక్కుంటూ ఉంటుంది. కడుక్కునేది నీళ్ళతో కాదు, మనం కొన్న సిరాతోనే. స్విచ్ వేసినప్పుడు లోపలినుంచి వినిపించే ఆ గరగర చాలాసార్లు అదే. ఆ సిరా అడుగునున్న మెత్తలాంటిదాంట్లోకి ఇంకిపోతుంది. దానితో ఒక్క అక్షరమూ పడదు. ఒకేసారి వంద పేజీలు తీసేవాళ్ళకి ఆ నష్టం కనపడదు. రెండేసి మూడేసి పేజీలుగా తీసేవాళ్ళకి, వారం తర్వాత మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళకి సిరాలో మంచి భాగం ఇలాగే పోతుంది.

పిల్లల్ని పెంచుతూ, జీతానికి పనిచేస్తూ రాయాలనుకునే స్త్రీల పని ఎలా ముక్కలైపోతుందో, ఆ ముక్కల మధ్య ఎన్ని రచనలు పుట్టకుండా పోతాయో టిల్లీ ఓల్సెన్ 1978లో వచ్చిన 'సైలెన్సెస్'లో చర్చించింది. ఆగిన పనిని మళ్ళీ అందుకోడానికి మనసుకి పట్టే సమయం మనందరికీ అనుభవమే. పోయినసారి ఎక్కడిదాకా వచ్చాను, ఈ వాక్యం ఎందుకిలా రాశాను అని వెతుక్కోవడంతోనే ఉన్న గంటలో సగం గడుస్తుంది. బుర్రకీ గడ్డకట్టిన రంధ్రాలు శుభ్రం చేసుకునే ఖర్చుంటుందన్నమాట. ఆ ఖర్చు ఎక్కడా నమోదవదు. "అయిదేళ్ళు పట్టిందా!" అన్న ఆశ్చర్యం మాత్రం నమోదవుతుంది.

పాత పత్రికల పేజీలతో ఇంకో చిక్కు. పసుపెక్కిన కాగితాన్ని స్కాన్ చేస్తే ఆ పసుపంతా బూడిదరంగు నీడగా వస్తుంది. ప్రింటరుకి కథేదో, కాగితం ముసలితనమేదో తెలియదు. నీడనంతా చుక్కలు చుక్కలుగా ముద్రిస్తుంది. తొంభై ఏళ్ళ కిందట ఒకావిడ రాసిన కథ చదువుకోడానికి, ఆ కథని ఇన్నాళ్ళూ ఎవరూ మళ్ళీ అచ్చువెయ్యనందుకు కూడా నేనే సిరా పోస్తున్నాను. బాగా పునర్ముద్రణలు పొందిన మగ రచయితల మీద పనిచేసేవాళ్ళకి ఈ ఖర్చు లేదు.

ఇక ఇంట్లో ఆ ప్రింటరు పేరు 'నీ ప్రింటరు'. "నీ ప్రింటరు మళ్ళీ తాగేసిందా?" అంటాడు మా ఆయన, నవ్వుతూనే. సరుకుల ఖర్చు ఇంటి లెక్కలో, సిరా ఖర్చు నా లెక్కలో. రాత్రి తొమ్మిదిన్నరకి పాప "అమ్మా, రేపు ప్రాజెక్టు, జాతీయ నాయకుల రంగు బొమ్మలు కావాలి" అంటుంది. ఆయన ప్రయాణం టికెట్లు, బ్యాంకు కాగితాలు, అత్తయ్య పింఛను పత్రాలు, పక్కింటావిడ మనవడి హాల్ టికెట్ అన్నీ దాంట్లోనే. గులాబీ రంగు అయిపోతే మా మిషన్ నల్లక్షరాలు కూడా ముద్రించనంటుంది. అంటే గాంధీగారి బుగ్గలకి వాడిన రంగువల్ల నా మూడో చాప్టరు ఆగిపోతుంది.

సికింద్రాబాద్‌లో సిరంజితో సిరా నింపించుకొచ్చాను. అసలు సరుకు కాదని తెరమీద హెచ్చరిక వచ్చింది. డబ్బిచ్చి కొన్నాక కూడా కార్ట్రిడ్జిలోని చిన్న చిప్ మనకి అనుమతులిస్తూ ఉంటుంది. ఒకసారి అమ్మేసిన టోనర్ కార్ట్రిడ్జి మీద కంపెనీకి ఇక పేటెంట్ హక్కు మిగలదని అమెరికా సుప్రీంకోర్టు 2017లో లెక్స్‌మార్క్ కేసులో తీర్పిచ్చింది. తీర్పు తీర్పే, చిప్ చిప్పే. పేరు మనది, పెత్తనం ఇంకొకరిది కావడం ఆడవాళ్ళకి ప్రింటరుతోనే మొదలవలేదు కదా.

సీసాతో సిరా పోసుకునే ట్యాంకు ప్రింటర్లున్నాయి. వాటిల్లో నల్ల పేజీ పైసల్లో అయిపోతుంది. కానీ ముందే పది పన్నెండు వేలు ఒక్కసారి పెట్టాలి. బియ్యం బస్తా కొనగలిగినవాళ్ళకి కిలో చవక, కిలో కొనేవాళ్ళకి ప్రియం. క్లాసుకింతని, అదీ నెలలు ఆలస్యంగా అందుకునే గెస్ట్ లెక్చరర్లకి ఒక్కసారి పెట్టే డబ్బుండదు. ఫెలోషిప్పుతో కంటింజెన్సీ వచ్చే స్కాలరు సిరా బిల్లు చూపించుకోవచ్చు. ఆ గడువు దాటిపోయి, ఉద్యోగం రాని మధ్యకాలంలో మనం చేసే పరిశోధనకి బిల్లు చూపించే కిటికీ ఎక్కడా లేదు. ఆ మధ్యకాలంలో ఉన్నవాళ్ళలో ఎంతమంది స్త్రీలో మన చుట్టూ చూస్తే చాలు.

మూడు నెలల కిందట ప్రింటరు మీద ఒక నోటుబుక్కు, దారంతో కట్టిన పెన్సిలు పెట్టాను. ఎవరు తీసినా తేదీ, పేజీలు రాయాలి. మొదట్లో నవ్వారు, తర్వాత రాశారు. మొన్న కూడితే 212 పేజీలు. పాపవి 71, మా ఆయనవి 48, అత్తయ్యవీ ఇరుగుపొరుగువీ కలిపి 29. నావి 64. నోటుబుక్కు మా ఆయన చేతికిచ్చాను. రెండుసార్లు కూడిక సరిచూసుకున్నాడు. ఈ నెల నుంచి సిరా ఖర్చు గ్యాస్ బండ కింద వరసలో, ఇంటి లెక్కలోనే రాస్తున్నాం. ఆ 64 పేజీల మధ్య ఎన్నిసార్లు లేవాల్సొచ్చిందో రాసే గడి మాత్రం నోటుబుక్కులో లేదు. ఈసారి అదీ గీస్తాను.