గోడ అక్కర్లేని బొమ్మ

ఊరంతా కలిసి గోడ మీద బొమ్మ వేయడం పట్నాల్లో ఇప్పుడు కొత్త ముచ్చట. మా కోనసీమలో ఆ పనికి గోడ అక్కర్లేదు, వెదుళ్లు చాలు. సంక్రాంతి దగ్గర పడుతుంటే, దేవుణ్ణి ఊరేగించే ఎత్తైన వెదురు ప్రభ కట్టడం మొదలవుతుంది. ఒకరు వెదురుబద్దలు వంచుతారు, ఇంకొకరు కొత్తబట్ట చుడతారు, పిల్లలు రంగురంగుల ఊలుదారం అందిస్తారు. పసుపు పక్కన ఎరుపా, ఆకుపచ్చా అన్న దగ్గర పెద్ద తగువే! చివర్లో వరికంకులు, నెమలిపింఛాలు, గంటలు. కింద ఎవరి సంతకమూ ఉండదు.

కనుమనాడు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకి 11 ఊళ్ల రుద్రులు, అంటే ఆ ఊళ్ల శివుళ్లు, ఇలాంటి ప్రభల మీదే జనం భుజాలెక్కి వస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే కౌశిక కాలువ నీళ్లలో దిగి, వరిచేలు తొక్కుకుంటూ, ‘శరభా శరభా’ కేకలతో. చేను తొక్కారని ఏ రైతూ నొచ్చుకోడు, పైగా సంబరం. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే. బాగానే ఉంది గానీ, చక్రాల మీద సాగే ప్రభకి భుజాల ఊపు ఎక్కడిది?

నాకైతే ఎత్తు కన్నా ఊలు అల్లిక ముద్దు. తోటలో మావాళ్లు పక్కూరి ప్రభ దగ్గరికెళ్లి తేరిపార చూసేదీ దాన్నే. వచ్చే ఏటి రంగులు సగం అక్కడే ఖాయమవుతాయి.