మోర్‌పంఖీ ఎవరి హిస్సా?

నాంపల్లిలో మా పాత ఇంటి తక్సీమ్ కాగితంలో అన్నీ ఉన్నాయి. ముందు కమ్రాలు భాయ్‌జాన్‌కి, దీవాన్‌ఖానా చిన్న తమ్ముడికి, బావర్చీఖానా వైపు నాకు, ఆపా హిస్సాకి పైసలు. అంగన్‌లో ఉన్న మోర్‌పంఖీ మాత్రం ఎవరి పేరు మీదా లేదు. నేనడిగితే భాయ్‌జాన్ నవ్విండు. "ఉస్ కా క్యా ఫాయిదా రే? పండా, నీడా?"

నిజమే. నేను మూడో జమాత్‌లో ఉన్నప్పుడు బాగె ఆమ్ దగ్గర తోపుడు బండి మీద కొని, అబ్బా దాన్ని సైకిల్ హ్యాండిల్‌కి తగిలించుకొచ్చారు. అప్పుడు నా మోకాలంత. నేను మెట్రిక్ పాసయ్యేసరికి భుజం దాకా వచ్చింది. ఇన్నేళ్లయినా ఇంకా మా ఛజ్జా దాటలేదు.

ఉర్దూ మీడియం పిల్లలకు సర్వ్ చెట్టు షాయరీలోనే పరిచయం. మహబూబ్ సర్వ్‌లా నిటారుగా ఉంటుందని ఉస్తాద్ చెప్తుంటే, క్లాసులో ఒక్కడూ ఆ చెట్టును చూసినవాడు లేడు. ఉస్తాద్ తాజ్‌మహల్ క్యాలెండర్ తెచ్చి, నీళ్ల పక్కన వరసగా నిలబడ్డ చెట్లు చూపించారు. ఇంటికొచ్చి అబ్బాని అడిగితే మోర్‌పంఖీ వైపు చూపించి "ఇది దాని రిష్తేదారే" అన్నారు. మజాక్ అనుకున్నా. అఖ్బార్‌లో చేరాక, ఓ కథనం కోసం చదువుతుంటే తెలిసింది, అబ్బా మాట అక్షరాలా నిజం. రెండూ కుప్రెస్సేసి ఖాందానే. దీని అసలు పేరు ప్లాటిక్లాడస్ ఓరియెంటాలిస్, పుట్టిల్లు చైనా వైపు. లిన్నేయస్ దీన్ని తూజాల్లో కలిపినందుకు నర్సరీల్లో ఇప్పటికీ తూజా అనే అంటారు. ఆ పేరు విని పులిపిర్లకు ఆకు ఇవ్వమని పక్కింటివాళ్లు వచ్చేవాళ్లు. హోమియోలో వాడే తూజా అమెరికా చెట్టు, ఇది కాదు. ఏదైనా సరే, నోట్లో పెట్టుకునేది మాత్రం కాదు.

గులిస్తాన్‌లో సాదీ సర్వ్‌ని ఆజాద్ అంటాడు. పండ్లు కాసే చెట్లకు ఒక రుతువులో కళ, ఇంకో రుతువులో దిగులు. సర్వ్‌కి ఆ బాధ లేదు, ఎప్పుడూ ఒకటే. భాయ్‌జాన్‌కి ఈ జవాబు అప్పుడే ఇవ్వాల్సింది. తక్సీమ్ కాగితాల ముందు సాదీ ఎక్కడ గుర్తుకొస్తాడు?

డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పుడు ఛందస్సు పుస్తకంలో ఒక రెమ్మ పెట్టుకున్నా. పుస్తకంలో దాస్తే చదువొస్తుందని చిన్నప్పటి నమ్మకం. గురులఘువులు అర్థం కాక ఏడుస్తున్న రోజులవి. ఓ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత తెలుగు వ్యాకరణంలో ఎవరిదో ఎండిన మోర్‌పంఖీ రెమ్మ దొరికింది. వాళ్లు హిందువులో ముసల్మానులో తెలియదు. నాలాగే భయపడ్డారని మాత్రం తెలిసింది.

దీన్ని పెంచడానికి పెద్ద హునర్ అక్కర్లేదు. ఎండ కావాలి, వేళ్ల దగ్గర నీళ్లు నిలవకూడదు. కత్తెర పచ్చటి చోటే పెట్టాలి. తమ్ముడు స్కూటర్ పెట్టుకోవడానికి కింది కొమ్మలు గోధుమరంగు కట్టె దాకా కోసేశాడు, అక్కడ మళ్లీ చిగురు రాలేదు. అబ్బా వాడినేమీ అనలేదు, ఆ వైపు కుర్చీ వేసుకోవడం మానేశారు. జాంబాగ్ పూలాయన సెహ్రాలకి, గుల్‌దస్తాలకి రెమ్మలు అడిగితే మాత్రం తనే కోసిచ్చేవారు. అబ్బా జనాజా రోజు ఆ పూలాయన ఎవరినీ అడగకుండా అంగన్‌లోకి వచ్చి, నాలుగు పచ్చి రెమ్మలు కోసుకుని ఖబర్‌స్తాన్‌కి మాతోపాటు నడిచాడు.

ఇంత పాత చెట్టును పెకిలించి ఇంకోచోట నాటితే బతకదని నర్సరీ అతను చెప్పాడు. అందుకే వానాకాలంలో పన్నెండు రెమ్మలు, ప్రతిదానికీ తల్లికొమ్మ బెరడు కొంచెం అంటుకుని ఉండేలా లాగి, తడి ఇసుకలో గుచ్చి పైన పాలిథిన్ కప్పా. మూడు నెలలకి రెండిటికి వేళ్లొచ్చాయి. ఒకటి ఆపా తీసుకెళ్లింది, మలక్‌పేటకి.

నుమాయిష్ అయ్యేదాకా మా గల్లీలోకి లారీలు రావు. ఫిబ్రవరి నెలాఖరుకి వస్తానన్నాడు బిల్డర్. రెండో డబ్బా నా ఫ్లాట్ బాల్కనీలో ఉంది. ఎండ ఎటు ఎక్కువసేపు ఉంటుందో చూస్తూ, రోజూ దాన్ని ఇటూ అటూ జరుపుతున్నా.