పాత గుంజ పీకే ముందు

పట్టా చేతికొచ్చిన పోడు చేనుకు కొత్త కంచె వేయాలంటే ముందు పాత గుంజలు పీకాలి. మా తాతలు గడ్డపారతో చుట్టూ తవ్వి, నలుగురు పట్టి ఊపి లాగేవారు. ఇప్పుడు ట్రాక్టర్ వచ్చింది. పని తొందరగా అవుతుంది. ప్రాణమూ అంతే తొందరగా పోతుంది.

గుంజ కదలకపోతే బండి ముందుకు పోలేదు. ఇంజను బలం అప్పుడు ముందు చక్రాలను పైకి లేపుతుంది. గొలుసు ఎత్తులో కట్టి ఉంటే బండి వెనక్కి తిరగబడుతుంది. రెండు సెకన్లు కూడా పట్టదు, క్లచ్ తొక్కే వ్యవధి ఉండదు. ఒకసారి మా ఊళ్లో ముందు చక్రాలు జానెడు లేవడం చూశాను. నడిపేవాడు నా దగ్గర చదువుకున్న పిల్లవాడే. అప్పటినుంచి ఎనిమిదో తరగతిలో బలం పాఠం ఈ గుంజతోనే చెబుతున్నాను.

ముందు తీగ విప్పి చుట్టి పక్కన పెట్టాలి. గుంజ మొదట్లో తవ్వి, నీళ్లు పోసి నాననివ్వాలి. గొలుసు వెనక కిందనున్న డ్రాబార్‌కే కట్టాలి, ఇరుసుకో పై లింకుకో కాదు. నైలాన్ తాడు వద్దు, సాగి తెగితే కొరడాలా కొడుతుంది. మొదటి గేరులో క్లచ్ మెల్లగా వదలాలి, కుదుపు ఇవ్వకూడదు. పిల్లల్నీ చూసేవాళ్లనీ గొలుసు పొడవుకు రెట్టింపు దూరంలో ఉంచాలి. రాతి కడీనైతే లాగొద్దు, విరుగుతుంది. తవ్వి తీస్తే కొత్త కంచెకు పనికొస్తుంది.

గుంజ రాకపోతే దిగి మళ్లీ తవ్వండి తమ్ముళ్లూ, అందులో నామోషీ లేదు. లైసెన్సు అడిగేవాళ్లు చేను దాకా రారు. అందుకే ఈ మాట ఇంట్లో అన్నలు చెప్పాలి, బడిలో మనం చెప్పాలి.